క్రియాటినిన్ 1.2 అయితే కిడ్నీ భద్రమేనా?

సంపాదకులకు,

పోయిన వారం ఆరోగ్యం పేజీలో ‘క్రియాటినిన్ 1.2 లోపు ఉంటే కిడ్నీలకు ఢోకా లేదు’ అని పెద్దక్షరాల్లో వేశారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లకు వెళ్లే పేపర్లో రాయాల్సిన మాటేనా ఇది? కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఆ అంకె చూసుకుని ఆసుపత్రికి వెళ్లడం మానుకునేవాళ్లు ఉంటారు.

క్రియాటినిన్ కండలోంచి వచ్చే వ్యర్థం, దాన్ని కిడ్నీలు వడగట్టి బయటకు పంపుతాయి. కండ తక్కువైతే రక్తంలో అదీ తక్కువే ఉంటుంది. అందుకే వయసు, ఆడా మగా చూసి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంచనా) లెక్కకట్టాలి. ఆ లెక్కకు వాడే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రంతో చూస్తే, 1.2 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి అది సుమారు 86. అదే 1.2 ఉన్న 65 ఏళ్ల ఆడమనిషికి 50. మూడు నెలలకు మించి 60 కంటే తక్కువుంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టే. మనిషి బాగా చిక్కిపోయి ఉంటే అసలు పనితనం ఆ 50 కంటే కూడా తక్కువే కావచ్చు. అలాంటివారికి కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి రక్తపరీక్ష చేయించాలి. మాంసం తిన్నాకో, రోజంతా ఎండలో పనిచేసి వచ్చాకో రక్తమిస్తే క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపిస్తుంది. కంగారు పడకుండా మళ్లీ చేయించుకోవాలి.

మూత్రంలో పట్టీ ముంచి ‘ప్రొటీన్ లేదు’ అని పంపేయడం ఇంకో తప్పు. ఉద్దానం జబ్బులో తొలిదశలో ప్రొటీన్ పెద్దగా పోదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇందుకు తలకిందులుగా ఉంటుంది: క్రియాటినిన్ మామూలుగా ఉండగానే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారడం మొదలవుతుంది. మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే పట్టించుకోవాలి. ఈజీఎఫ్ఆర్, ఈ మూత్ర పరీక్ష రెండూ కావాలి, ఒకటి చాలదు.

ఇక ల్యాబులు. వయసు, ఆడా మగా రిపోర్టు మీద ఎలాగూ ఉంటాయి, ఈజీఎఫ్ఆర్ కంప్యూటరే లెక్కకడుతుంది, పైసా ఖర్చు లేదు. అయినా చాలా రిపోర్టుల్లో కనబడదు. ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ బ్యానర్లకు మాత్రం లోటు లేదు! నార్మల్ హద్దులు గీసే పద్ధతిలోనే నూటికి అయిదుగురు ఆరోగ్యవంతులు ఆ హద్దులకు అవతల ఉండిపోతారు. ఎనభై పరీక్షలు చేస్తే నాలుగైదు చోట్ల ఎర్ర గుర్తులు రాక ఏమవుతాయి? ఆ గుర్తులు చూసి జనం డాక్టర్ల చుట్టూ తిరగాలా?

క్యాంపుల్లో పొద్దున తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా సాయంత్రం దాకా ఉంచేస్తున్నారు. కణాల్లోని పొటాషియం సీరంలోకి (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోకి) దిగి, పొటాషియం ఎక్కువున్నట్టు చూపి, లేని గుండె ప్రమాదాన్ని చూపిస్తుంది. షుగర్ తగ్గిపోకుండా ఆపే బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబులో తీయకపోతే షుగర్ గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. సీరాన్ని రెండు గంటల్లోపు వేరు చేయాలని డిప్లొమా పిల్లలకూ తెలుసు. తనిఖీకి వచ్చే అధికారులు ఫీజు రసీదులు చూస్తారే గానీ, యంత్రం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే కంట్రోల్ సీరం రోజూ పెడుతున్నారా అని ఎందుకడగరు? ల్యాబుల నాణ్యతకిచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు స్వచ్ఛందమే కాబట్టి అడిగే దిక్కూ లేదు.

జిల్లాలో ప్రతి ల్యాబూ, ప్రతి క్యాంపూ క్రియాటినిన్ పక్కనే ఈజీఎఫ్ఆర్, రక్తం తీసిన సమయం అచ్చువేసేలా వైద్యారోగ్య శాఖ ఆదేశాలివ్వాలి. మీరు కూడా ఆ 1.2 మాటకు సవరణను అదే పేజీలో, అవే పెద్దక్షరాల్లో వేయండి.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా