పెన్‌డ్రైవ్‌కూ తూకం వేయాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నరసరావుపేటలో పదహారేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీయడం నా పని. ఒకప్పుడు సీడీలు ఇచ్చేవాళ్లం, తర్వాత డీవీడీలు. ఇప్పుడు చాలా ఇళ్లలో డీవీడీ ప్లేయర్లే లేవు. ఆల్బమ్‌తో పాటు వీడియో మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి చేతిలో పెడుతున్నాం. వాళ్లు దాన్ని టీవీకి పెట్టుకుని చూసుకుంటారు. ఆ పెన్‌డ్రైవ్ వల్ల ఒక కుటుంబానికి జరిగిన నష్టం గురించి ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు మాఘమాసంలో ఒక పెళ్లి తీశాం. ఎడిటింగ్ అయ్యేసరికి మొత్తం 50 జీబీ దాటింది. ఒక హోల్‌సేల్ దుకాణంలో కొన్న 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో కాపీ చేశాను. కాపీ ఎక్కడా ఆగలేదు. పెళ్లికూతురిని చేసిన ఫైలు తెరిచి చూస్తే చక్కగా ఆడింది. ఇచ్చేశాను. ఐదు నెలల తర్వాత అమ్మాయి తండ్రి దాన్ని పట్టుకుని వచ్చారు. "తమ్ముడూ, ఎదుర్కోలు దాకా వస్తోంది. జీలకర్ర బెల్లం నుంచి ఏదీ తెరుచుకోవట్లేదు. మా అమ్మ అక్షింతలు వేసిన ముక్క ఒక్కటి ఇప్పించు, చాలు" అన్నారు. వాళ్ల అమ్మగారు అంతకు పది రోజుల ముందే పోయారు. మూడు నెలలు దాటిన పెళ్లిళ్లను నా హార్డ్‌డిస్క్‌లోంచి తీసేయడం నాకు అలవాటు. ఆ తప్పు నాదే, ఆయనకీ అదే చెప్పాను. ఫొటోలు విడిగా దాచాను కాబట్టి మిగిలాయి. ఆవిడ నడక, మాట ఉన్న వీడియో మాత్రం ఎక్కడా లేదు.

ఆ రాత్రి, అదే పెట్టెలో మిగిలిన నాలుగు పెన్‌డ్రైవ్‌లనూ పరీక్షించాను. నాలుగింటి మీదా 64 జీబీ అనే ఉంది. కంప్యూటర్‌కి పెడితే కూడా అంతే చూపించాయి. నిజంగా డేటా నిలిచింది మాత్రం 8 జీబీకి లోపే.

ఈ మోసం ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు. పెన్‌డ్రైవ్‌లో డేటా దాచే ఫ్లాష్ చిప్ ఒకటి, దాన్ని నడిపే కంట్రోలర్ ఒకటి ఉంటాయి. లోపల ఎంత చోటుందని కంప్యూటర్ అడిగితే జవాబిచ్చేది కంట్రోలర్. మోసగాళ్లు చిన్న చిప్ పెట్టి ఆ జవాబును మార్చేస్తారు. అసలు చోటు నిండిపోయాక వచ్చే డేటా గాలికి పోతుంది, లేదా పాతదాని మీదే పడి దాన్నీ పాడుచేస్తుంది. ఫైళ్ల పేర్లు, సైజులు రాసుకునే పట్టిక మామూలుగా మొదట్లోనే ఉంటుంది కాబట్టి అది చెక్కుచెదరదు. అందుకే పేరు కనిపిస్తుంది, సైజు కనిపిస్తుంది, తెరిస్తే ఏమీ ఉండదు. మా ప్రాంతం లెక్కలో చెప్పాలంటే, 8 వేల మిర్చి టిక్కీలు (బస్తాలు) పట్టే కోల్డ్ స్టోరేజీలో 64 వేల టిక్కీలకు రసీదులు రాసిచ్చినట్టు. పుస్తకంలో అన్నీ ఉంటాయి, సరుకే ఉండదు.

64 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్ కంప్యూటర్‌లో 59 చిల్లర చూపిస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. ఆ తేడా మోసం కాదు.

నా వాదన ఒక్కటే. కిరాణా కొట్టులో కాటా సరిగ్గా ఉందో లేదో చూడటానికి తూనికలు కొలతల శాఖ ఉంది. కాటాకి ముద్ర లేకపోతే కేసు పెడతారు. పెట్రోలు బంకులో అనుమానం వస్తే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మనకుంది. కిలో కందిపప్పులో 50 గ్రాములు తగ్గితే అది నేరం. 64 జీబీ అని డబ్బులు తీసుకుని 8 జీబీ ఇవ్వడం అంతకంటే ఎంత పెద్ద తూకం మోసం? పప్పు తగ్గితే మళ్లీ కొనుక్కోవచ్చు. ఇక్కడ పోయింది ఒక మనిషి ఆఖరి వీడియో. రేపు ఇంకొకరికి అది పీహెచ్‌డీ థీసిస్ కావచ్చు, భూమి కాగితాల స్కాన్లు కావచ్చు.

ఈ మోసానికి ఇంకో బలం ఉంది. లోపల నిజంగా ఉన్న చోటు నిండేదాకా లోపం బయటపడదు. కొన్నవాళ్లు మొదట్లో నాలుగు పాటలో పది ఫొటోలో వేసుకుంటారు, బాగానే ఉందనుకుంటారు. నిండేసరికి నెలలు గడుస్తాయి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే వాపసు గడువు పది రోజుల్లోపే అయిపోయి ఉంటుంది. ఐదారు వందల రూపాయలకే 2 టీబీ, అంటే రెండు వేల జీబీ పెన్‌డ్రైవ్ అని ఆన్‌లైన్‌లో ప్రకటనలు కనిపిస్తుంటాయి. ఆ ధరకి అంత మెమరీ రాదని అమ్మేవాళ్లకు తెలియదా?

కొనేవాళ్లు చేసుకోగలిగింది కొంత ఉంది. బిల్లు లేకుండా కొనవద్దు. నేను అలాగే కొన్నాను, దుకాణానికి తిరిగి వెళ్తే ఇది మా దగ్గర కొన్నదని రుజువేమిటి అన్నారు. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, వినియోగదారులు ఫిర్యాదు చేసే నంబర్ ఉన్నాయో లేదో చూడండి. ఇవన్నీ ముద్రించడం చట్టప్రకారం తప్పనిసరి. ఇంటికి తెచ్చాక అందులో ఏదీ వేయకముందే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (H2testw), లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 (F3) అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. అవి పెన్‌డ్రైవ్‌ని పూర్తిగా నింపి, మళ్లీ చదివి, రాసింది రాసినట్టే ఉందో లేదో చెబుతాయి. పెద్దదైతే గంటలు పడుతుంది, పట్టనివ్వండి. అవేవీ తెలియకపోతే సినిమాలతో అంచుదాకా నింపి, ఒకసారి తీసి మళ్లీ పెట్టి, చివరగా వేసిన ఫైలు తెరవండి. తీసి పెట్టడం ముఖ్యం. కాపీ అయిన వెంటనే తెరిస్తే కంప్యూటర్ తన మెమరీలో ఉన్నదాన్నే చూపించి మభ్యపెట్టవచ్చు.

వేగం విషయంలోనూ జాగ్రత్త. పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్‌కి కలిపే దారి యూఎస్‌బీ. దానికి యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 అని మూడు పేర్లున్నా వేగం ఒకటే, సెకనుకు గరిష్ఠంగా 5 గిగాబిట్లు. అది దారి వెడల్పు మాత్రమే. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచూ చదివే వేగం. రాసే వేగం దానికంటే చాలా తక్కువ ఉంటుంది, చాలా ప్యాకెట్ల మీద దాని ఊసే ఉండదు. ఇక 4 జీబీ దాటిన వీడియో కాపీ కాకపోతే పెన్‌డ్రైవ్ నకిలీ అనుకోకండి. ఫైళ్లను అమర్చే పాత పద్ధతి ఫ్యాట్32 (FAT32)లో ఫార్మాట్ అయి ఉంటే అంత పెద్ద ఫైలును తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్ (exFAT) అనే పద్ధతికి మారిస్తే తీసుకుంటుంది, కానీ ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయి, ముందు వేరే చోట దాచుకోవాలి. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ని చదవవు కూడా.

అసలుదైనా సరే, పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే గానీ ఏళ్ల తరబడి దాచడానికి కాదు. ఫ్లాష్ చిప్‌లో డేటా నిలిచేది విద్యుత్ ఆవేశం రూపంలో. వాడకుండా బీరువాలో పడేస్తే ఏళ్లు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. నేనిప్పుడు ప్రతి పెళ్లినీ రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంచుతున్నాను. కుటుంబాన్ని కూడా ఇంకో కాపీ చేసుకోమని దగ్గరుండి చెబుతున్నాను.

కానీ ఈ భారమంతా కొనేవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. తూనికలు కొలతల శాఖ అధికారులు కిరాణా కొట్లకు వెళ్లినట్టే మొబైల్ దుకాణాలకూ, హోల్‌సేల్ మార్కెట్లకూ వెళ్లాలి. నమూనాలు తీసుకుని పరీక్షించాలి. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, ఒక ల్యాప్‌టాప్ చాలు. పెన్‌డ్రైవ్‌లకూ, మెమరీ కార్డులకూ సామర్థ్యం తక్కువని తేలితే కనీసం ఏడాది వరకు వాపసు తీసుకునేలా నిబంధన తేవాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇది అమలవ్వాలంటే మనం కూడా పోతే పోయిందిలే అని ఊరుకోకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు.

పెళ్లివారికి వీడియో డబ్బులు తిరిగి ఇచ్చాను. ఆయన వద్దన్నారు, బలవంతం చేసి ఇచ్చాను. ఆ నాలుగు పెన్‌డ్రైవ్‌లనూ పారేయకుండా, పరీక్షలో వచ్చిన ఫలితాలతో కలిపి కవర్లో పెట్టి ఉంచాను. తూనికలు కొలతల శాఖవారు ఎప్పుడు పిలిచినా నా ఖర్చుతో తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
నరసరావుపేట, పల్నాడు జిల్లా