2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని దాదాపు అంతా ఒక్క సూది చుట్టూ తిరిగింది. జూన్‌లో మూడో వీధిలో చెత్త ఎత్తే అమ్మ అరచేతిలో అది దిగింది. మామిడి తొక్కల కింద నల్ల సంచిలో సెలైన్ గొట్టాలు, రక్తం అంటిన దూది, మూతల్లేని సూదులు అన్నీ కలిపి కట్టేశారు. అవి ఏ ఇంటివీ కావు, క్లినిక్‌వేనని చూస్తేనే తెలుస్తుంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం వారం బతుకుతుంది. ఆమెకు ఏమీ సోకలేదని తేలడానికి ఆరు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆమె ఎంత భయపడిందో నేను దగ్గరుండి చూశాను.

2016 జీవవైద్య వ్యర్థాల (ఆసుపత్రులు, క్లినిక్‌ల చెత్త) నిబంధనల ప్రకారం ఒక్క మంచం లేని క్లినిక్ అయినా అనుమతి తీసుకోవాలి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, గొట్టాలు, గ్లౌజులు ఎరుపులోకి, సూదులు, బ్లేళ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం పెట్టెలోకి వెళ్లాలి. రక్తం అంటిన వ్యర్థాలను శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు. ఇదంతా రాసి అర్జీ ఇస్తే, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంది, ఆ ఆఫీసు మళ్లీ మొదటి దానికే పంపింది. అయిదుసార్లు తిరిగాక అధికారులు తనిఖీకి వచ్చి క్లినిక్‌కు నోటీసు ఇచ్చారు. సంచులు తగ్గాయి కానీ పూర్తిగా ఆగలేదు. చట్టంలో లోటు లేదు, వచ్చి చూసేవాళ్లే లేరు.

మనం గర్వంగా చెప్పుకోవలసింది టీకా శిబిరం. మన వార్డు పారిశుధ్య కార్మికులు 38 మందికి హెపటైటిస్ బి టీకా వేయించాం. మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు కలిపి మూడు డోసులు. ఊళ్లు వెళ్లినవాళ్లు పోగా 33 మందికి మూడూ పూర్తయ్యాయి. టీకా శిబిరాలకూ ఇవే నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి, వాడిన ప్రతి సూదినీ తెల్ల డబ్బాలో వేసి జీవవైద్య వ్యర్థాల శుద్ధి కేంద్రం బండికే అప్పజెప్పాం. మూడుసార్లూ సెలవు పెట్టుకుని వచ్చిన మన కాలనీ నర్సు గారికి, టీకాల ఖర్చులో సగం భరించిన రెండో వీధి డాక్టరు గారికి, షామియానా ఇచ్చిన సభ్యులకు, కార్మికులను ఇంటింటికీ వెళ్లి పిలుచుకొచ్చిన పొదుపు సంఘం అక్కలకు, మజ్జిగ పోసిన యువకులకు పేరుపేరునా ధన్యవాదాలు.

కార్యకర్తలుగా పేరు రాయించుకున్నవారు 22 మంది. మూడో డోసు రోజున వచ్చింది ఆరుగురు. ఎవరినీ నొప్పించాలని కాదు, కానీ ఆ ఆరుగురే కుర్చీలు మోశారు, వాళ్లే వరుసలు చూశారు, వాళ్లే ఊడ్చారు.

జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి, కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. చందా బాకీలు ఈ నెలలో కట్టగలరు.

మన ఇళ్ల ఇన్సులిన్ సూదులూ చెత్త బండిలోకే వెళ్తున్నాయి. వాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి, తడి, పొడి చెత్తలో కలపకుండా సంఘం గదిలో ఇవ్వండి. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం తీసుకుంటాం. ఆ రోజు గదిలో కూర్చోవడానికి ఇద్దరు కావాలి. పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వండి.

కార్యదర్శి