రెండో రోజే ఫోన్ చేయాలన్న రూలు పెట్టండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

టెక్కలి నుంచి నమస్కారాలు.

ఎక్మో, అంటే ఊపిరితిత్తుల పని బయటినుంచి చేసే మిషన్, ఆ మాట మా ఇళ్లకి 2020లో వచ్చింది. బాలు గారు చెన్నైలో ఆ మిషన్ మీద ఉన్నన్నాళ్లూ టీవీల ముందే కూర్చున్నాం. మళ్లీ ఆ మాట విన్నది నిరుడు, మా మేనల్లుడు ఐసీయూలో ఉన్నప్పుడు. పాతికేళ్లు నిండలేదు. ఫ్లూ ముదిరి ఊపిరితిత్తులు రెండూ పట్టేశాయి. వెంటిలేటర్ మీద నూరు శాతం ఆక్సిజన్ ఇస్తున్నా మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ చూపే అంకె 82 దాటడమే గగనం. మా చెల్లి అద్దం తలుపు దగ్గర నిలబడి దాన్నే చూసేది. 84 కనబడితే నాకు చెప్పడానికి పరిగెత్తుకొచ్చేది.

తొమ్మిదో రోజు "ఎక్మోకి విశాఖ తీసుకెళ్లండి" అన్నారు. ఫోన్ చేస్తే అవతలి డాక్టరు, నేను డబ్బు మాట ఎత్తకముందే, "వెంటిలేటర్ పెట్టి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "వారం లోపే చెప్పాల్సిందండీ" అన్నాడు. ఆ రాత్రే పిల్లాడు పోయాడు.

ఆ తర్వాత తెలుసుకున్నాను. ఎక్మో మిషన్ తొడ దగ్గరి సిరలోంచి నిమిషానికి నాలుగైదు లీటర్ల రక్తం బయటికి లాగి, ఆక్సిజన్ ఎక్కించి, మెడ సిరలోకి పంపుతుందట. ఊపిరితిత్తిని నయం చేయదు, అది కోలుకునేదాకా దాని పని తను చేస్తుంది. అందుకే ఫ్లూ, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) లాంటి తగ్గే జబ్బులకి, అదీ తొందరగా పెడితేనే ఫలితం. రక్తస్రావం భయం ఎలాగూ ఉంటుంది.

శ్రీకాకుళానికి ఒక మిషన్ ఇమ్మని అడగడం లేదు. రిబ్బన్ కత్తిరించాక అది గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటుంది. ఏడాదికి ఇద్దరు ముగ్గురికి వాడితే ఎవరికీ చెయ్యి తిరగదు. బ్రిటన్‌లో 2009లో వచ్చిన సీజర్ పరిశోధనలో ఇలాంటి రోగుల్లో సగం మందిని ఎక్మో ఉన్న ఒకే పెద్ద కేంద్రానికి పంపారు. వాళ్లలో 63 శాతం మంది ఆరు నెలల తర్వాత తీవ్ర వైకల్యం లేకుండా బతికున్నారు. పంపనివాళ్లలో 47 శాతం. పంపినవాళ్లలో అందరికీ ఎక్మో అవసరం కూడా పడలేదు.

విశాఖలో పూర్తి బృందం, అర్ధరాత్రైనా ఎత్తే ఒక నంబరు ఉంచండి. వెంటిలేటర్ మీద రెండో రోజుకీ ఆక్సిజన్ అందకపోతే మా డాక్టరు ఆ నంబరుకి ఫోన్ చేసి తీరాలి. అవసరమైతే ఆ బృందమే వచ్చి, ఇక్కడే ఎక్మో గొట్టాలు వేసి తీసుకెళ్లాలి. మామూలు అంబులెన్సులో వంద కిలోమీటర్ల పైన తట్టుకునే ఊపిరి ఆ రోగికి ఎక్కడిది?

ఇంకొకటి, దీనికి మిషనే అక్కర్లేదు. ఇలాంటి రోగిని రోజుకి 16 గంటల పైన బోర్లా పడుకోబెడితే నెల లోపు మరణాలు సగానికి తగ్గాయని ఫ్రాన్స్ డాక్టర్లు 2013లోనే చూపించారు. గొట్టాలు ఊడకుండా తిప్పాలంటే నలుగురైదుగురు చెయ్యి వేయాలి. మావాడి వార్డులో రాత్రి డ్యూటీకి ఇద్దరే నర్సులు. ముందు ఆ పోస్టులు నింపండి.

ఇట్లు,
ఒక మేనమామ
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా