పాస్టర్‌గా బాధ్యత తీసుకున్న మా బాబుకి

బాబూ,

నీ ఉత్తరం చదివాను. సంఘం అప్పగించగానే ఆదివారం ఎంతమంది వస్తున్నారు, కొత్త కూడికలు ఏం పెట్టాలి అని టెన్షన్ పడుతున్నావు. నీ భారం నాకు తెలుసు. కానీ నేనడిగేది వేరే: ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరం తలుపులు మూశాక, నీ సంఘం ఎక్కడుంటుంది?

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం మళ్లీ చదువు. యేసును ప్రకటించిన స్తెఫనును చంపాక యెరూషలేము సంఘం మీద హింస మొదలైంది. అపొస్తలులు తప్ప విశ్వాసులందరూ చెదిరిపోయారు. వెళ్లిన చోటల్లా సువార్త చెప్పింది ఆ చెదిరిపోయినవాళ్లే! 11వ అధ్యాయంలో చూడు, అంతియొకయ పట్టణంలో గ్రీకువాళ్లకు యేసు ప్రభువు గురించి చెప్పింది కుప్రవాళ్లు, కురేనేవాళ్లు కొందరు. ఆ పుస్తకం రాసిన లూకా వాళ్ల పేర్లు కూడా రాయలేదు. బోధకులైన బర్నబా, సౌలు (పౌలు) తర్వాతే వచ్చారు. ఆ సంఘమే కొన్నాళ్లకు ఉపవాసముండి, ప్రార్థన చేసి, వాళ్లమీద చేతులుంచి, ఆ ఇద్దరినీ సువార్త పనికి పంపించింది. మంచి బోధకులను అలా వదులుకోవడానికి ఎంత విశ్వాసం కావాలో ఆలోచించు.

1952లో జర్మనీలోని విల్లింగెన్‌లో జరిగిన మిషనరీ మహాసభ తర్వాత ఈ మాట బలంగా వినబడింది: మిషన్ దేవునిది. తండ్రి కుమారుణ్ని పంపాడు, కుమారుడు మనల్ని పంపుతున్నాడు. అలాంటప్పుడు సువార్త పనిని ఒక కమిటీకి అప్పజెప్పి ఊరుకుంటే ఎలా?

ఎఫెసీ 4వ అధ్యాయం ప్రకారం కాపరి ఉన్నది విశ్వాసులను పరిచర్యకు సిద్ధపరచడానికి. మొత్తం పరిచర్య నువ్వొక్కడివే మోస్తే నువ్వు అలసిపోతావు, వాళ్లు చూస్తూ కూర్చుంటారు. నైట్ డ్యూటీ చేసే నర్సు కనబడితే "పోయిన ఆదివారం ఎందుకు రాలేదమ్మా" అని మొదలుపెట్టకు. ఆ వార్డులో రాత్రిళ్లు ఎలా ఉంటుందో అడుగు. ఎవరి మంచం దగ్గర ఆమె ఎక్కువసేపు నిలబడుతుందో విను. తర్వాత ఆ రోగుల కోసం, ఆమె ఓపిక కోసం ప్రార్థన చెయ్యి. దొంగ బిల్లు మీద సంతకం పెట్టమని ఆఫీసులో ఒత్తిడి ఎదుర్కొంటున్న తమ్ముడు ఉంటాడు. అతని సోమవారానికి పనికొచ్చేలా నీ ప్రసంగం సిద్ధం చేసుకో.

అలాగని మంచానపడ్డ పెద్దవాళ్లను చూడటం, సమాధి దగ్గర ఏడ్చేవాళ్ల పక్కన నిలబడటం తగ్గించకు. అదీ కాపరి పనే. గాయపడినవాళ్లను లేవనెత్తకుండా ఎక్కడికి పంపుతాం?

ఇంకొకటి. చివరి ఆశీర్వాదం హడావిడిగా ముగించకు. వాళ్లను పంపుతున్నది ఆ మాటతోనే. తలెత్తి, వాళ్ల ముఖాలు చూస్తూ నిదానంగా చెప్పు.

ఈ వారం ఎవరి పని గురించి విన్నావో రాయి. వాళ్లకోసం నేనూ ప్రార్థన చేస్తాను.

ప్రేమతో,
అమ్మ