సెలవుల ముందు: గేముల్లో బూతుల సంగతి

ఎంవీపీ కాలనీ పేరెంట్స్‌కి నమస్తే అండి. ట్రైలర్ చూసి గేమ్ కొనిచ్చేయకండి. అందులో బూతు మీద బీప్ వేసేస్తారు, ఆటలో అదే మాట తిన్నగా వినిపిస్తుంది. డబ్బా వెనక ఈఎస్ఆర్‌బీ (గేములకి రేటింగ్ ఇచ్చే అమెరికా సంస్థ) గడి చదవండి: ‘లాంగ్వేజ్’ అంటే ఓ మోస్తరు, ‘స్ట్రాంగ్ లాంగ్వేజ్’ అంటే పచ్చి బూతులే.

ఫోన్లో అయితే ప్లే స్టోర్, ప్రొఫైల్ బొమ్మ, సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్. పిన్ పెట్టి 12+ దగ్గర ఆపండి. పుట్టినరోజు పిన్‌గా వద్దు, పిల్లలు మొదట కొట్టి చూసేది అదే. ఇప్పటికే ఉన్న గేముల్ని ఇది ఆపదు, మీరే తీసేయాలి.

అసలు గొడవ వాయిస్ చాట్‌తో, అంటే ఆడుతూ అవతలి ఆటగాళ్లతో మాట్లాడటంతో. అవతలివాడి తిట్లు ఏ రేటింగ్‌లోకీ రావు. గేమ్‌లో పాత్ర తిట్టడం వేరు, మన పిల్లాణ్ణి అమ్మ పేరెత్తి తిట్టడం వేరు, రెండోది ఒప్పుకోవద్దు. గేమ్‌లోని ఆడియో సెట్టింగ్స్‌లో వాయిస్ చాట్ ఆఫ్ చేయండి. టైపింగ్ చాట్ కూడా మూసేయండి: ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టు గేమ్‌లోని బూతుల ఫిల్టర్‌కి తరచూ దొరకదు.