80,000 బీటీయూ ఫర్నేస్‌లను ఎందుకు వెనక్కి పంపామంటే

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల, మా దగ్గర పాత ఫర్నేస్ మార్పించుకోవడానికి అడ్వాన్స్ కట్టి, జనవరిలో పని పూర్తవుతుందని ఎదురుచూసిన కుటుంబాలకు ఈ లేఖ రాస్తున్నాను. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెప్పడం కన్నా, ఆలస్యానికి కారణం అందరికీ ఒకేచోట పూర్తిగా తెలియజేయడమే మర్యాద అనిపించింది.

మీ ఇళ్ళు కొలిచి, లెక్క కట్టి, గంటకు 60,000 బీటీయూల (బీటీయూ అంటే వేడికి కొలత) గ్యాస్‌ను మండించే, 96 శాతం సామర్థ్యం గల, చిన్న మంట, పెద్ద మంట అని రెండు స్టేజిలున్న యూనిట్లను మేము చలికాలానికి చాలా ముందే ఆర్డర్ పెట్టాము. డిస్ట్రిబ్యూటర్ ఆర్డర్ ఖాయమని రాసి పంపాడు, డబ్బు కూడా తీసుకున్నాడు. తీరా చలి ముదిరాక ట్రక్కు దిగిన అట్టపెట్టెల మీద, మోడల్ నంబరులో 060 ఉండవలసిన చోట 080 అని ఉంది. ఇదేమిటని అడిగితే, "అరవై వేలవి స్టాకు లేవు, అదే ధరకు పెద్దవి ఇస్తున్నాము, మీ కస్టమర్లు సంతోషిస్తారు కదా" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా అతని దగ్గరే కొంటున్న నాకు ఆ మాటలో ఔదార్యం కన్నా చులకనే ఎక్కువగా వినిపించింది. మేము బేస్‌మెంట్ నుంచి అటక దాకా కిటికీలు, గోడలు, ఇన్సులేషన్ కొలిచి తయారుచేసిన లెక్కకు అతని దృష్టిలో చిత్తుకాగితం విలువ కూడా లేదన్నమాట.

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఆ తర్వాత ఎదురైంది. ఆ మోడల్లో 60,000, 80,000 యూనిట్ల వెడల్పు ఒకటే, గ్యాస్ పైపు, డ్రెయిన్ అమరిక కూడా ఒకటే కాబట్టి, బిగించేస్తే మీలో ఎవరికీ తేడా తెలిసేది కాదు. పైగా కొన్ని ఇళ్ళలో పాత ఫర్నేస్ హీట్ ఎక్స్‌చేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం) పగిలి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉండటం వల్ల దాన్ని మేమే ఆపించాము. ఆ ఇళ్ళలో పిల్లలు స్వెట్టర్లతో పడుకుంటున్నారని తెలిసి కూడా, గిడ్డంగిలో ఉన్న యూనిట్‌ను బిగించకుండా ఉండటం న్యాయమా అని మా ఆవిడ సూటిగానే అడిగింది. మా లెక్కలు చూసేది ఆవిడే కనుక, ఆ ప్రశ్నలో వ్యాపారం కూడా ఉంది. చివరకు అన్నింటినీ వెనక్కి పంపాను, ఇందుకు విచారించడం లేదు.

ఎందుకో ఒక ఇంటి లెక్కతో చెబుతాను. 1970లలో కట్టిన రెండంతస్తుల కలోనియల్ ఇల్లు, పాత ఫర్నేస్ 100,000 బీటీయూలది, సామర్థ్యం 80 శాతం. జనవరి గ్యాస్ బిల్లులో 275 థెర్మ్‌లు ఉన్నాయి. స్నానాల వేడినీళ్ళకూ వంటకూ 25 తీసేస్తే, ఇల్లు వేడెక్కించడానికి 250 మిగిలాయి. అందులో 80 శాతమే, అంటే 200 థెర్మ్‌లు, ఇంట్లోకి వచ్చిన వేడి. థెర్మ్‌కు లక్ష బీటీయూలు కనుక అది 2 కోట్ల బీటీయూలు. మన ప్రాంతంలో జనవరికి హీటింగ్ డిగ్రీ డేలు (రోజు సగటు ఉష్ణోగ్రత 65 డిగ్రీల కన్నా ఎంత తక్కువో, నెలంతా కూడితే వచ్చే మొత్తం) సుమారు 1,000 కాబట్టి, రోజుకు ఒక్కో డిగ్రీకి 20,000, అంటే గంటకు 833 బీటీయూలు పడుతున్నాయి. ఇక్కడ డిజైన్ ఉష్ణోగ్రతగా, అంటే ఫర్నేస్ సైజు లెక్కకు ఆధారమయ్యే గట్టి చలిగా, తీసుకునేది దాదాపు 14 డిగ్రీల ఫారన్‌హీట్. 65 నుంచి 14కు 51 డిగ్రీల తేడా ఉంది కనుక, అంత చలిలో ఆ ఇంటికి కావలసింది గంటకు సుమారు 42,500 బీటీయూలు. ఇంటికి ఎంత వేడి కావాలో తేల్చే మాన్యువల్ జె పద్ధతిలో గోడగోడకూ కట్టిన లెక్క కూడా ఈ అంకెకు దగ్గరగానే వచ్చింది.

60,000 బీటీయూల యూనిట్ ఇచ్చే వేడి 57,600. అంటే అవసరానికి సుమారు 1.36 రెట్లు. ఆ లెక్కకు తగిన ఫర్నేస్‌ను ఎంచుకునే నియమావళి మాన్యువల్ ఎస్ మామూలుగా అనుమతించే 1.4 రెట్ల లోపే అది ఉంది. 80,000 యూనిట్ ఇచ్చేది 76,800, అంటే 1.8 రెట్లు. "రెండు స్టేజిలు ఉన్నాయి కదా, చిన్న మంట మీద నడుస్తుంది" అని డిస్ట్రిబ్యూటర్ వాదించాడు. ఆ చిన్న మంట 65 శాతం అనుకున్నా అది దాదాపు 50,000 బీటీయూలు ఇస్తుంది. డిజైన్ చలిలో కావలసిన దానికన్నా అదే ఎక్కువైనప్పుడు, రెండో స్టేజికి మీరు డబ్బు కట్టేది దేనికి? ఇద్దరికి వండటానికి పెళ్ళివారి గుండిగ పొయ్యి మీద పెట్టినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. అదే 60,000 యూనిట్‌లో చిన్న మంట సుమారు 37,000 ఇస్తుంది కాబట్టి, చలికాలంలో ఎక్కువ భాగం దాని మీదే నిదానంగా గడిచిపోతుంది.

గాలి సంగతి కూడా ఉంది. ఈ యూనిట్లు లోపలికి వచ్చిన గాలిని 35 నుంచి 65 డిగ్రీల దాకా మాత్రమే అదనంగా వేడెక్కించాలని నేమ్‌ప్లేట్ మీద రాసి ఉంటుంది. 55 డిగ్రీల దగ్గర నడపాలంటే, 76,800 బీటీయూలను మోయడానికి నిమిషానికి దాదాపు 1,290 ఘనపుటడుగుల గాలి కావాలి, 57,600కు 970 చాలు. ఆ ఇంటి డక్టులు, అంటే గాలి వెళ్ళే గొట్టాలు, వెయ్యికి మించి తేలికగా మోయలేవు. అలాంటి చోట పెద్ద యూనిట్ పెడితే, మరీ వేడెక్కకుండా కాపాడే లిమిట్ స్విచ్ మాటిమాటికీ మంటను ఆపేస్తుంది, వెంట్ల దగ్గర హోరు మొదలవుతుంది, థర్మోస్టాట్ ఉన్న హాలు వేడెక్కుతుంది కానీ గరాజ్ మీది గది అలాగే చల్లగా ఉంటుంది.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, పెద్దదే పెట్టండి అని అడిగేవారు ఎప్పుడూ చెప్పేది ఆ గది గురించే. దానికి కావలసింది ఇన్సులేషన్, సరైన డక్టు. ఫర్నేస్ ఎంత పెద్దదైనా ఆ లోటు తీరదు. ఒక కుటుంబం మాత్రం నా మాట వినలేక, మరొకరిని పిలిపించి మళ్ళీ 100,000 యూనిట్ పెట్టించుకున్నారు. వారి అడ్వాన్స్ ఒక్క డాలరు పట్టుకోకుండా తిరిగి ఇచ్చేశాము. మనసు నొచ్చుకోలేదని అనను.

ఎదురుచూస్తున్న వారికి సరైన సైజు యూనిట్లు ఇంకో డిస్ట్రిబ్యూటర్ దగ్గర దొరికాయి. ధర ఎక్కువే అయినా, ఆ తేడా మేమే భరిస్తాము, మీ ఎస్టిమేట్ మారదు. ఫర్నేస్ ఆపించిన ఇళ్ళకు ముందు వస్తాము. మేము ఇచ్చిన ఆయిల్ హీటర్లు ఒక్కొక్కటి 1,500 వాట్లవి కాబట్టి, దయచేసి రెండింటిని ఒకే సర్క్యూట్ మీద పెట్టవద్దు, ఎక్స్‌టెన్షన్ కార్డు అసలే వాడవద్దు. కొత్త యూనిట్ వచ్చాక రాత్రిపూట థర్మోస్టాట్‌ను పది డిగ్రీలు తగ్గించే అలవాటు మానుకోండి. సరిపడా సైజు ఫర్నేస్ తెల్లవారగానే అంత తేడాను చప్పున పూడ్చలేదు, పూడ్చాలని మేము దాన్ని ఎంచుకోలేదు.

లెక్క మీద నమ్మకం కుదరనివారు, పాత ఫర్నేస్ సురక్షితంగా నడుస్తుంటే, బయట 14 డిగ్రీలు ఉన్న రాత్రి థర్మోస్టాట్ మార్చకుండా, గంటలో బర్నర్ ఎన్ని నిమిషాలు వెలిగిందో చూడండి. పైన చెప్పిన ఇంట్లో 32 నిమిషాలు వెలిగింది. ఆ 100,000 పాత ఫర్నేస్ 80 శాతం సామర్థ్యంతో గంటకు ఇచ్చే 80,000 బీటీయూలలో ఆ వంతు సుమారు 42,700, అంటే పై లెక్కకు దగ్గరే. మీ ఇంటి లెక్క కాగితం అడిగితే ఇస్తాము, దాన్ని ఏ కంపెనీకైనా చూపించుకోవచ్చు.

పాత డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇకమీదట స్క్రూ కూడా కొనడం లేదు. అందువల్ల మా దగ్గర ఫిల్టర్లు తీసుకునేవారికి ఈసారి వేరే కంపెనీవి వస్తాయి. సైజులు, ధరలు పాతవే.