బాల్కనీ సింకు నీటిని వాన గొట్టంలోకి వదలవద్దు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో వంటగది సింకు కాక, భోజనాల గది మూలలోనో బాల్కనీలోనో మరో చిన్న సింకు పెట్టించుకునేవారు ఎక్కువయ్యారు. దుకాణాల్లో బార్ సింకు పేరుతో అమ్మే ఈ తొట్టి పానీయాలు కలిపే చోట గ్లాసులు కడగడానికి తయారైనదే అయినా, మన తెలుగు ఇళ్లలో కాఫీ కప్పులకూ, పండ్లు కడగడానికీ, భోజనమయ్యాక చేతులు కడుక్కోవడానికీ చక్కగా పనికొస్తోంది. కానీ కొనేవారు దాని మెరుపు, కొలతలు, ధర గురించి పదిసార్లు ఆరా తీస్తారే గాని, అందులోంచి పోయే నీరు ఎక్కడికి చేరుతుందని ఒక్కసారైనా అడగడం లేదు.

మా సముదాయంలో కొన్ని ఫ్లాట్లకు ఇంటీరియర్ పని చేసినవారు బాల్కనీ సింకు వేస్ట్ పైపును పక్కనే ఉన్న వాన నీటి గొట్టానికి కలిపేశారు. వంటగది పైపు దాకా గోడ కొట్టి తీసుకువెళ్లే శ్రమా ఖర్చూ అలా తప్పించుకున్నారు. వానలకు ముందు, ఆ గొట్టం నీరు చేరే ఇంకుడు గుంత మూత తీస్తే, కంకర మీద జిడ్డు తెట్టెకట్టి, అందులో టీ పొడి, నిమ్మ గింజలు అంటుకుని, దగ్గర నిలబడలేనంత కంపు కొట్టింది. వాన నీటి సంరక్షణను ఈ నగరంలో 2009లోనే చట్ట సవరణ ద్వారా తప్పనిసరి చేశారు. ఆ గుంతలో ఇంకిన నీరే భూగర్భ జలంలో కలుస్తుంది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం పడిగాపులు పడిన మనమే ఆ గుంతలోకి సబ్బు నీటిని వదలడం ఎంతమాత్రం సమంజసం కాదు.

కాబట్టి సింకు ఎక్కడ పెట్టాలన్నది మురుగునీటి గొట్టం ఎంత దూరంలో ఉందో చూశాకే తేల్చుకోవాలి. వేస్ట్ పైపుకు అడుగుకు సుమారు పావు అంగుళం వాలు ఉండాలి. అంటే పది అడుగుల దూరానికి రెండున్నర అంగుళాలు దిగాలి. ఆ దిగుడుకు చోటు లేకపోతే, ఆ మూల ఎంత ముచ్చటగా ఉన్నా సింకుకు పనికిరాదు. సింకు కింద బిగించే బాటిల్ ట్రాప్‌లో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండి, మురుగు గొట్టంలోని వాసననూ బొద్దింకలనూ అడ్డుకుంటుంది. అరుదుగా వాడే సింకులో ఆ నీరు ఆవిరైపోతుంది గనుక, వారానికొకసారైనా ఒక చెంబు నీళ్లు పోస్తూ ఉండాలి.

ఇక స్టీలు సంగతి. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం తుప్పును బాగా తట్టుకుంటుంది. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపే 202 రకం అంతగా తట్టుకోలేదు. అయస్కాంతం అంటుకోకపోతే 304 అన్నట్టేనని దుకాణదారులు చెబుతుంటారు గాని, 202కు కూడా అది సాధారణంగా అంటుకోదు. బిల్లు మీద రకం రాయించుకోవడమే మేలు. రేకు మందాన్ని సూచించే గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచనవుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అపార్ట్‌మెంట్ సంఘాలు ఇంటీరియర్ పనులకు అనుమతి ఇచ్చే ముందే వేస్ట్ పైపు ఏ గొట్టంలో కలుస్తుందో గీయించి తీసుకోవాలనీ, గోడ మూసేలోగా తమ ప్లంబర్‌తో తనిఖీ చేయించాలనీ కోరుతున్నాను. ఇప్పటికే వాన గొట్టానికి కలిపిన సింకులను ఈ వానాకాలం లోగా విడదీయించాలి. ఆ ఖర్చు ఆ ఫ్లాటు యజమానులే భరించాలి.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు